ఎడమ కవర్

జూన్ 3, ఉదయం

పళ్ల డాక్టరు స్కూటర్‌ను ట్రాలీలో తెచ్చి మా షెడ్డు ముందు దింపించాడు. మా ఫ్యాక్టరీ స్పోర్ట్స్ మోడల్. నలభై బళ్ల లోపే చేశాం. తెలిసినంతలో మిగిలింది ఇదొక్కటే. కుడి సైడ్ కవర్ ఉంది, ఎడమది లేదు. ముందు పన్ను ఊడిన మొహంలా ఉందండీ, మీరే కట్టాలి అన్నాడు. ఈయన నవ్వారు. పని మానేశాక ఈయన నవ్వడం ఇదే చూడటం.

ఆగస్టులో మ్యూజియం కొత్త హాలు తెరుస్తుందట. బండి పూర్తిగా ఉంటేనే తీసుకుంటారట. మీ వల్ల కాదంటే చెప్పండి, ఫైబర్‌ది చేయించేస్తాను అన్నాడు డాక్టరు. నా బండికి ప్లాస్టిక్కా అని ఈయన పని ఒప్పుకున్నారు. నన్ను అడగలేదు.

ఈయన చేతులు వణుకుతాయి. కాఫీ సగం సాసర్‌లోకే పోతుంది. వణికితే వణకనీ, అరచెయ్యి అబద్ధం చెప్పదు అంటారు.

జూన్ 4

అంత గొప్పేముంది నానమ్మా ఇందులో, మా హాస్పిటల్ పార్కింగ్‌లో దీని తాతలున్నాయి అంది మనవరాలు. చెప్పడం మొదలుపెట్టాను. నైట్ డ్యూటీ చేసి వచ్చింది కదా, వింటూ వింటూ కుర్చీలోనే నిద్రపోయింది. మిగతాది ఇక్కడ.

ఫ్యాక్టరీ అప్పటిదాకా సంసారుల బండి చేసేది. వెడల్పాటి ముందు రేకు, వెనక సీటు, పట్టుకోవడానికి కమ్మీ. యజమాని కొడుక్కి రేసు పిచ్చి పట్టి ఒక డిజైనర్‌ను పిలిపించాడు. ఆయన ముందు రేకును రెండు పక్కలా కోసి సన్నం చేశాడు, గాలి ఎదురు తగ్గాలని. సీటుకూ హ్యాండిల్‌కూ మధ్య పొడుగాటి పెట్రోల్ ట్యాంకు పెట్టాడు. నడిపేవాడు దాని మీద బోర్లా వాలి మోకాళ్లతో బిగించి పట్టుకోవాలి. మడ్‌గార్డ్ సగమే. సైడ్ కవర్లు వెనక్కి పోయేకొద్దీ సన్నబడే నీటిబొట్లు. అచ్చులు పోయించేన్ని బళ్లు కావు గనక కవర్లన్నీ చేత్తో కొట్టాలి. ఆ పని ఈయనది. డ్రాయింగ్ సెక్షన్‌లో కూర్చుని గీతలకు కొలతలు వేయడం నాది. అప్పటికి మాకు పెళ్లి కాలేదు.

రెండు కవర్లకూ ఒకే కొలత వేశాను. ఎడమ దాని వెనక పనిముట్ల పెట్టె వచ్చింది. ఈయన అరచేత్తో తడుముకుంటూ దానికి కాస్త పొట్ట పెంచి కొట్టారు. డ్రాయింగ్ ప్రకారం లేదని తిప్పి పంపాను. స్కేలమ్మ గారూ, కాగితానికి పొట్ట ఉండదు, రేకుకు ఉంటుంది అన్నారు, వర్క్‌షాపంతా వినేలా. డిజైనర్ కళ్లు మూసుకుని చెయ్యి వేసి చూసి, ఇదే ఉంచండి అన్నాడు.

నేను డ్రాయింగ్ మార్చేలోగా రేసు అయిపోయింది. వానలో మా బండి జారింది. యజమాని కొడుక్కి కాలు విరిగింది. మోడల్ ఆపేశారు. కాబట్టి ఎడమ కవర్ ఆకారం ఏ కాగితం మీదా లేదు. ఇద్దరి అరచేతులకే తెలుసు. డిజైనర్ పోయాడు.

జూన్ 9

మొదటి రేకు పాడైంది. సుత్తి ఒకచోట ఎత్తితే ఇంకోచోట పడుతోంది.

జూన్ 10

అన్నం ముట్టలేదు. గోడ వైపు తిరిగి పడుకున్నారు.

జూన్ 12, సాయంత్రం

కొట్టేది నేను, చెప్పేది మీరు అన్నాను. స్కేలు పట్టిన చెయ్యి సుత్తి పడుతుందా అన్నారు. పట్టింది. రేకును ఇసక సంచి మీద పెడతాను. ఈయన కళ్లు మూసుకుని అరచెయ్యి ఆనించి, ఇక్కడ అంటారు. సుద్దతో గుర్తు పెట్టి కొయ్య సుత్తితో కొడతాను. గట్టిగా పడితే, మెల్లగా స్కేలమ్మా, అది రేకు, నా వీపు కాదు అంటారు.

డ్యూటీ చేసొచ్చి కన్ను మూద్దామంటే ఈ దడదడలేమిటి, ఇద్దరికీ కలిపి నూట యాభై ఏళ్లు దాటాయి, ఎవరి నడుం పట్టేసినా చూడాల్సింది నేనే అని మనవరాలు కేకలేసింది. ఈయన రెండు ముద్దలు ఎక్కువే తిన్నారు.

జూన్ 17

పొయ్యి మీద నుంచి దించిన స్టీలు గ్లాసును ఈయన చేతి నిండా పట్టుకుని కూర్చున్నారు. నేను కొంగుతో పట్టుకున్నదది. అరిచాను. కాలలేదే అన్నారు. వేళ్లు ఎర్రగా ఉన్నాయి. ఎప్పుడూ ధ్యాస ఉండదని తిట్టి వెన్న రాశాను.

జూన్ 21, ఉదయం

ఈయన ఒకచోట చెయ్యి వేసి, ఎత్తుగా ఉంది అన్నారు. గుర్తు పెట్టాను. సుత్తి అందుకునేలోగా ఈయనకు దగ్గు వచ్చి చెయ్యి తీశారు. మళ్లీ అదే గుర్తు మీద వేసి, పల్లం చేసేశావు అన్నారు. నేనింకా కొట్టనేలేదు.

రేకును పక్కకు జరిపి, ఉత్త ఇసక సంచి మీద రెండు దెబ్బలు వేశాను. రేకును మళ్లీ ఆయన చేతి కింద పెట్టాను.

ఆ, ఇప్పుడు సరిపోయింది అన్నారు.

జూన్ 22

మళ్లీ అలాగే చేసి చూశాను. మళ్లీ సరిపోయింది.

జూన్ 23

మనవరాలిని పెరట్లోకి పిలిచి అడిగాను. ఈయన కళ్లు మూయించి చేతులను దూదితో, సూదితో తాకి చూసిందట ఆ మధ్యే. నరాలు దెబ్బతిన్నాయి, పోయిన స్పర్శ ఇక రాదు, తాతయ్యకు చెప్పేస్తావేమోనని నీకూ చెప్పలేదు అంది. నేనూ చెప్పను అన్నాను.

షెడ్డులోకి వెళ్లి సుత్తి తీసుకున్నాను. ఎక్కడ కొట్టమంటే అక్కడ కొట్టాను.

జూన్ 30

రేకు చిట్లింది. అంచు నుంచి జానెడు చీలింది. అతుకు వేయించుకుంటాలెండి, ఆకారం వచ్చేసింది కదా అని డాక్టరు బండితో సహా తీసుకుపోయాడు. మంచివాడు. ఈయన గేటు దాకా వెళ్లి చెయ్యి ఊపారు.

జూలై 8

డాక్టరు ఫోన్ చేశాడు. అతుకు నిలవలేదట. కుడి కవర్‌ను స్కాన్ చేసి తిరగేసి ఫైబర్‌ది తీయించాడట. పనిముట్ల పెట్టె అడ్డొస్తోందని తీసి పక్కన పడేశారట. సందుల్లో పుట్టీ నింపి రంగు వేస్తే పోతపోసినట్టు ఉందట. సారుకు ఎలా చెప్పమంటారు అని అడిగాడు. చెప్పకండి అన్నాను.

ఆగస్టు 2

హాలు తెరిచారు. ఎర్ర తాడు కట్టి బండిని అరుగు మీద నిలబెట్టారు. కాపలా మనిషి వద్దంటున్నా ఈయన తాడు దాటారు. ఎడమ కవర్ మీద అరచెయ్యి వేసి కళ్లు మూసుకున్నారు. డాక్టరు నా వైపు చూడలేక బూట్లు చూసుకున్నాడు.

నువ్వూ చూడు అని నా చెయ్యి లాగి దాని మీద పెట్టారు. ఇదిగో ఆ పొట్ట, ఇన్నేళ్లయినా నా చెయ్యి మరవలేదు, ఇది కాగితం మీద వస్తుందా చెప్పు స్కేలమ్మా అన్నారు.

చదునుగా ఉంది. ఆ రోజు నేను వేసిన కొలత. వెంట్రుకవాసి తేడా లేదు.

రాదు అన్నాను.

ఆగస్టు 3, ఉదయం

కాఫీ చల్లార్చి ఇచ్చాను. ఊదుకుంటూ తాగారు.