గొంతు లేని పాఠాలు

రజితా, నువ్వు పోయి నేటికి ఏడాది. జనగామలో మన ఇంట్లో మన బిడ్డ శ్రావ్యకు నువ్వు చెప్పే చదువు ఆనాడే ఆగిపోయింది. బడికి పోనంటుంది. ఈ వారం నా ఫోన్‌లో దానికి పాఠాల యాప్‌లు మూడు చూపించాను. రెండింటిలో టీచరమ్మలు చక్కగా వివరిస్తున్నారు. మూడోదాంట్లో రాసిన పాఠాలే ఉన్నాయి, గొంతు లేదు. అదే కావాలంది.

“దాంట్ల చెప్పేటోళ్లే లేరు గద బిడ్డా?”

“టీచర్ మాట్లాడుతుంటే అమ్మ గొంతు యాదికొస్తలేదు బాపూ.”

దానికే ఏడాది చందా కట్టాను. ఈ పొద్దున గిన్నెలు కడిగి, దాని పక్కన కూర్చుని భిన్నాల పాఠం నేనూ మనసులోనే చదివాను. నాకర్థం కాలేదు. అది కాగితం మీద రొట్టె గీసి, నాలుగు ముక్కలు చేసి చూపించింది. తర్వాతి లెక్క నేను చేస్తే తప్పయింది.

“రేపు మల్ల చేద్దాం తియ్యి” అంది.

ఈ ఏడాదిలో మన ఇంట్లో ఎవరైనా రేపటి మాట ఎత్తడం ఇదే మొదలు.