మొన దొరికింది

జూన్ 3, సోమవారం

ఫ్యాక్టరీలో మా కుట్టు లైన్‌కి పిల్లల గౌన్లు వచ్చాయి. మెడ చుట్టూ లేసు. లేసు తిప్పడానికి సూది ముందుండే గార్డ్ అడ్డమట. వేలు సూది కిందికి పోకుండా ఆపే చిన్న ఇనప కమ్మీ అది. పొద్దున మెకానిక్ వచ్చి అన్ని మెషిన్లకీ పీకి సంచిలో వేసుకుపోయాడు. ఇన్‌స్పెక్షన్ రోజు మళ్లీ పెడతార్లే అని సూపర్‌వైజర్ నవ్వాడు. వాడిని మేం గడియారం అంటాం. మనిషి మొహం చూడడు, చేతి వాచీ చూసుకుంటూ మాట్లాడతాడు.

అక్క నా ముందు మెషిన్ మీద కూర్చుంటుంది. రోజంతా నాకు కనిపించేది దాని వీపూ, జడా.

జూన్ 4

గార్డ్ పెట్టమని అడిగాను. ఊయల్లో పిల్లవా, వేలు ఎక్కడ పెట్టాలో తెలీదా అన్నాడు గడియారం. వాడి నోట్లో మన్ను పడ.

జూన్ 6, సాయంత్రం

రాయబుద్ధి కావడం లేదు. అయినా రాస్తా.

అక్క వేలు సూది కింద పడింది. చూపుడువేలు, గోరు మీదుగా. సూది లోపలే విరిగింది. అక్క పెద్దగా అరవను కూడా లేదు, అమ్మా అని మెషిన్ మీద వాలిపోయింది.

మా ఫ్యాక్టరీలో సూది విరిగితే ముక్కలన్నీ దొరకాలి. మొన దొరకందే లైన్ కదలదు, సరుకు గేటు దాటదు. ఏ దేశంలోనో ఏ పసిదాని మెడకో గుచ్చుకుంటుందని. మంచి రూలే, నేనేం కాదనను. ఆ పసిదానికి ఏమీ కాకూడదు. మరి మా అక్క కూడా ఒక తల్లి కన్న బిడ్డే కదా!

గడియారం పరిగెత్తుకొచ్చి చేసిన మొదటి పని, అయస్కాంతం పట్టుకుని మెషిన్ కింద దూరడం. పైముక్క దొరికింది. మొన లేదు. అక్క వేలికి పాత బట్ట చుట్టుకుని నా భుజం మీద వాలి ఉంది, బట్టంతా తడిసిపోతోంది. ఆస్పత్రికి తీసుకెళ్దామని నేను గొంతు చించుకుంటుంటే, ఉండమ్మా, ముందు మొన దొరకనీ అంటాడు. గౌన్లు తిరగేశారు, దులిపారు. బట్టల్లో ఇనుముంటే పట్టేసే డిటెక్టర్ ఒకటుంది మాకు, దాని బెల్టు మీద ఒక్కొక్కటీ పంపారు. మోగలేదు.

అప్పుడు తట్టింది వాడికి. అక్క వాచీ తీయించాడు, దానికి మోగుతుందని. గౌన్లు పెట్టే బెల్టు మీద అక్క చెయ్యి పెట్టించాడు. కుయ్యిమంది.

హమ్మయ్య, దొరికింది అన్నాడు. నుదుటి చెమట తుడుచుకుని నిజంగానే నవ్వాడు. నాకు ఒళ్లు మండిపోయింది.

జూన్ 7

డాక్టర్ వేలు కోసి మొన తీశాడు. ఎముకకి తగిలిందట, వేలు ఇక వంగకపోవచ్చట. మెషిన్ మీద బతికేవాళ్లకి చూపుడువేలు వంగకపోతే ఇంకేముంది? బావ గోడకి ఆనుకుని నేల చూపులు చూస్తున్నాడు.

గడియారం ఫోన్ చేశాడు. మొన పారేయొద్దు, తెచ్చివ్వాలి అన్నాడు. వేలెలా ఉందని అడుగుతాడేమోనని ఆగాను. పెట్టేశాడు.

మొన చిన్న సీసాలో వేసిచ్చారు. నా దగ్గరే ఉంది. చచ్చినా ఇవ్వను.

జూన్ 8

ఆఫీసు నుంచి నవ్వుల మేడం ఇంటికొచ్చింది. హెచ్‌ఆర్. మనిషిని ఉద్యోగంలోంచి పీకేటప్పుడు కూడా నవ్వుతూనే పీకుతుంది, అందుకే ఆ పేరు. గార్డ్ అక్కే తీసేసుకుందని చెప్పాలట. అలా చెబితే మానవత్వంతో ఆస్పత్రి ఖర్చు భరిస్తారట, ఏదో ఒక పని చూపిస్తారట. లేదంటే ఇక రానక్కర్లేదట. మానవత్వంతో! ఆ మాట ఆవిడ నోట్లో ఎలా పట్టిందో.

మొన అడిగింది. ఎక్కడో పడిపోయింది అన్నాను.

ఆవిడ వెళ్లాక అక్కకీ నాకూ పెద్ద గొడవ. పోనీవే, నేనే తీశానని చెప్పేస్తా, ఇల్లు గడవాలి కదా అంటుంది. బావదీ అదే పాట. రేపు నా వేలు పోతే నేనూ ఇలాగే చెప్పాలా అని అరిచాను. అక్క ఏడ్చింది. మేడం మీద కోపం, అక్క మీద కోపం, తిండి మీద కోపం. తినకుండా పడుకున్నా.

జూన్ 10

అక్క సీట్లో కొత్తమ్మాయిని కూర్చోబెట్టారు. గార్డ్ లేదు.

గడియారం మొన ఊసే ఎత్తలేదు. ఏంటబ్బా అనుకున్నా. నా పక్క మెషిన్ చీమ చెప్పింది సంగతి. మనిషి ఇంత, కుట్టిందంటే మాత్రం అదిరిపోవాలి, అందుకే చీమ. గడియారం కొత్త సూది తీసి, పటకారుతో మొన విరిచి, ఇదే దొరికిందని చూపించేశాడట. సరుకుకి అడ్డం తొలిగిపోయిందట. నేనేమో సీసా దాచుకుని, వీళ్ల పీక నా చేతిలో ఉందనుకుంటున్నా. పిచ్చిమొహాన్ని!

ఏడుపు ఆపు అంది చీమ. గౌన్లు కొనేవాళ్ల మనిషి బుధవారం ఇన్‌స్పెక్షన్‌కి వస్తున్నాడు, ఆయన ఎదురుగా దొంగ మొనలు ఎలా విరుస్తాడో చూద్దాం అంది. సాయంత్రానికి ఆ గుసగుస లైనంతా పాకింది.

జూన్ 12, మధ్యాహ్నం, క్యాంటీన్‌లో

పొద్దున్నే గార్డ్‌లు బిగించారు. సిగ్గూ శరం లేని వెధవలు.

కొనేవాళ్ల మనిషి మా లైన్ దగ్గరికి రాగానే నేను చెయ్యెత్తాను. సూది విరిగింది, మొన దొరకలేదు అన్నాను. లైన్ ఆపేశారు. చీమ చెయ్యెత్తింది. దానిదీ విరిగిందట, మొన లేదట. వెనక ఇంకొకరు. ఆ వెనక ఇంకొకరు. చివరికి కొత్తమ్మాయి, ఇంకా దారం ఎక్కించడం కూడా సరిగ్గా రాదు దానికి, అదీ చెయ్యెత్తింది. మొనలన్నీ చీమ డబ్బాలో ఉన్నాయి, మెషిన్ల మీద బట్ట పెట్టకముందే విరిచి తీసేశాం. పిల్లల గౌన్లు కదా, ఒక్కటి జారినా మాకే పాపం.

గడియారం అయస్కాంతం కోసం పరిగెత్తాడు. అక్కడ కాదు సార్ వెతకాల్సింది అన్నాను. వాచీ తీసేశాను. వెళ్లి డిటెక్టర్ బెల్టు మీద చెయ్యి పెట్టాను. వెనక్కి చూస్తే చీమ వాచీ తీస్తోంది. దాని వెనక లైన్ లైనంతా నిలబడి ఉంది.

చేతులెందుకు పెడుతున్నారని అడిగాడాయన. నవ్వుల మేడం మొహంలో నెత్తురు చుక్క లేదు. మా దగ్గర మొన ఇలాగే వెతుకుతారు సార్, మొన్న మా అక్క వేల్లో దొరికింది అని చెప్పి సీసా ఆయన చేతిలో పెట్టాను. ఈ గార్డ్‌లు ఇవాళ పొద్దున వచ్చాయి అని కూడా చెప్పాను.

జూన్ 17

ఆస్పత్రి ఖర్చు కంపెనీదేనట. అక్క అబద్ధం చెప్పక్కర్లేదు. మడతలు పెట్టే టేబుల్ దగ్గర పనిచ్చారు. గార్డ్‌లు ఉంచారు. చీమని మాత్రం వేరే ఫ్లోర్‌కి మార్చేశారు. నేను థాంక్స్ చెబుతానని నవ్వుల మేడం చాలాసేపు నిలబడింది. నిలబడనీ.

అక్క వేలు వంగడం లేదు. బొటనవేలితో మడతలు పెట్టడం నేర్చుకుంటోంది.

జూన్ 20

కొత్తమ్మాయి సూది విరిగింది. ఈసారి నిజంగానే. గడియారం వచ్చి ముందు దాని చెయ్యి తిప్పి చూశాడు. తర్వాతే మెషిన్ కిందికి వంగాడు.

ఇంతేనా పని? ఇంత మాత్రానికి మా అక్క వేలు కావాల్సొచ్చిందా?