టేపు మీద టేపు

చెల్లాయికి,

నువ్వు పిరికిదానివి. నేను పంపిన పెట్టె విప్పి మూడు రోజులన్నా కాలేదు, వెనక్కి పంపేస్తానని రాస్తావా? నీ ఉత్తరం చదివి మీ వదిన మీద కేకలేశాను. "చెల్లెలి మీద కోపం పెళ్ళాం మీద చూపించే అభ్యుదయం ఏ పుస్తకంలో ఉందండీ?" అంది. సరే, పద్ధతి పద్ధతే. మేమిద్దరం క్షేమం. నువ్వూ, బావా, పిల్లా కులాసాగా ఉన్నారని తలుస్తాను.

వదిన మోకాలి సంగతి అడిగావు. నయం. మెట్లెక్కేటప్పుడు ఇప్పుడు మోకాలిని తిట్టడం మానేసి నన్ను తిడుతోంది. వ్యాసాలు ఇంకా రాస్తున్నానా అన్నావు. రాస్తున్నాను. తిట్లు వస్తున్నాయంటే ఎవరో చదువుతున్నట్టేగా.

ఇక అసలు ప్రశ్న. "స్విచ్ వేస్తే తిన్నగా బేసిక్ అనే ప్రోగ్రాముల భాషలోకి వెళ్ళే ఈ బుల్లి కంప్యూటరు నాకెందుకు? లైబ్రరీలో చిరిగిన పుస్తకాలు కుట్టుకునేదాన్ని, అక్కడికొచ్చే ఆడపిల్లలకి ఇది నేర్పమంటున్నారు. నేను చేసింది నిలవదని నీకు తెలుసుగా అన్నయ్యా" అని రాశావు.

ఎందుకో చెప్తాను విను. చేతిలో ఫోను నొక్కమంటుంది, చూడమంటుంది, కొనమంటుంది. ఆ బుల్లి పెట్టె మాత్రం తెర వెలగ్గానే 'రెడీ' అని రాసి, నువ్వేం చెప్తావా అని కాచుక్కూర్చుంటుంది. పిల్లలకి అలాంటిది ఇస్తే ప్రశ్నలడుగుతారు. అందుకే అంగళ్ళవాళ్ళకి అది గిట్టదు. దాన్ని నువ్వే వెనక్కి పంపుతానంటే నాకు ఒళ్ళు మండదా?

ఇంత ఉపన్యాసమూ అసలు మాట చెప్పలేకే.

నాన్న రేడియో షాపులో ఎవరో వదిలేసి వెళ్ళిన కంప్యూటరు గుర్తుందిగా. దాన్ని టీవీకి తగిలించి మూడు నెలలు ఎక్కాల ఆట రాశావు. జవాబు తప్పితే 'మళ్ళీ చూసుకో తల్లీ' అని నాన్న మాటే తెర మీద వచ్చేది. నీకు పద్నాలుగు, నాకు పంతొమ్మిది.

"ప్రోగ్రాం వరసలకి నంబర్లు పది, ఇరవై అని వేస్తావేమే? ఒకటి, రెండు రావా?" అన్నాను.

"మధ్యలో ఏదన్నా తోస్తే ఇరికించుకోడానికి. నీలా అన్నీ ముందే తెలిసి పుట్టలేదుగా అన్నయ్యా."

నాన్న పడీ పడీ నవ్వాడు. నాకు కాలింది.

స్విచ్ ఆపితే అన్నీ మరిచిపోయే యంత్రం అది. నీ ఆట ఉన్నదల్లా టేప్‌రికార్డర్లో పెట్టే ఒక్క క్యాసెట్లోనే. స్కూలు ప్రదర్శనలో క్యాసెట్ పెట్టావు. టేపు తిరిగింది గానీ తెర మీద ఏమీ రాలేదు. "ఖాళీ తెర చూపించడానికా అమ్మా ఇంతమందిని పిలిచావు?" అన్నాడు హెడ్మాస్టరు. ఇంటికొచ్చి, "నేనే సరిగ్గా దాచలేదేమో" అన్నావు. "నీకన్నీ తొందరే" అన్నాను. ఆ తర్వాత నువ్వా పెట్టె ముట్టలేదు.

చెల్లాయీ, నువ్వు సరిగ్గానే దాచావు. చెరిపింది నేను.

ముందురోజు, వక్తృత్వ పోటీకి నా గొంతు రికార్డు చేసి వినాలనిపించింది. ఇంట్లో ఖాళీ క్యాసెట్ లేదు. నీది తీశాను. నాలుగు నిమిషాలేగా అనుకున్నాను. నీ ఆట ఉన్నదీ ఆ నాలుగు నిమిషాల్లోనే. పొరపాటని ఇన్నేళ్ళూ నాకు నేను చెప్పుకున్నాను. కాదు. ఎవరూ చెరపకుండా క్యాసెట్ అంచున ఉండే ప్లాస్టిక్ ముక్క నువ్వు విరిచేశావు. ఆ కన్నం మూస్తే మళ్ళీ రికార్డవుతుందని తెలిసి, దాని మీద నేను అంటుకునే టేపు కత్తిరించి అతికించాను. పని కాగానే ఊడదీసి క్యాసెట్‌ని దాని చోట పెట్టేశాను. పొరపాటు చేసేవాడు కత్తెర వెతుక్కోడు.

ప్రసంగం పేరు 'చదువు అందరిదీ'. ప్రదర్శన అయ్యాక, నువ్వు వినకముందే ఆ క్యాసెట్ కాలవలో పారేశాను. పోటీలో మొదటి బహుమతి నాకే వచ్చింది. ముందు వరసలో కూర్చుని చప్పట్లు కొట్టావు నువ్వు.

ఆడపిల్లల చదువు కోసం లోకాన్ని నిలదీస్తూ ఎన్ని వ్యాసాలు రాశానో లెక్కలేదు. ఈ ఒక్క పేరా రాయడానికి ముప్పై రెండేళ్ళు పట్టింది. మొదటి మాటగా నిన్ను పిరికిదానివన్నాను చూడు, ఆ మాట వెనక్కి తీసుకుంటున్నాను.

అడిగే అర్హత లేదు. అయినా అడుగుతున్నాను:

పెట్టె వెనక్కి పంపకు.

శనివారం లైబ్రరీలో పాఠం మొదలుపెట్టు.

ఈ ఉత్తరం బావకీ, పిల్లకీ ఒక్క వాక్యం దాటెయ్యకుండా చదివి వినిపించు.

క్షమించానని వెంటనే రాయకు. ముందు తిట్టు.

'నేను చేసింది నిలవదు' అని ఇంకెప్పుడూ అనకు.

ఇట్లు,
నీ ఆట చెరిపిన
అన్నయ్య