చక్రాలు తీసేసే బస్సు

శుక్రవారం, రాత్రి. అడాజన్, సూరత్.

తమ్ముడి స్లీపర్ బస్సుకు ఈరోజు బేరం కుదిరింది. ఇక్కడ సగం మగ్గాలు ఆగిపోయి మన నేత కార్మికులు తగ్గాక సూరత్ నుంచి సిరిసిల్లకు బస్సెక్కేవాళ్లే కరువయ్యారు. అంత ఖరీదైన ఏసీ బండిని ఇప్పుడు పాత ఇనుము ధరకు అడుగుతున్నారు.

సూరత్ శివారు కడోదరాలో దాన్ని చూడడానికి ఇద్దరు వచ్చారు. ఒకాయన రూటు మీద నడుపుతానన్నాడు, ధర మాత్రం బాగా తక్కువ చెప్పాడు. ఇంకొకాయన చక్రాలు తీసేసి, కిమ్ అనే ఊరి దగ్గర హైవే పక్కన నిలబెట్టి హోటల్ పెడతాడట. ఎక్కువ ఇస్తానన్నది ఆయనే.

"గంత మంచి ఇంజన్ తీసి పారేసి, లోపల పావ్ భాజీ అమ్ముతడంట అక్కా," అని తమ్ముడు నవ్వబోయాడు.

"ఎక్కువిచ్చెటోనికే ఇయ్యి తమ్మీ. బస్సు అప్పు కింద బ్యాంకోళ్లు ఇల్లు జప్తు చేస్తమంటున్నరు గద."

"నడువని బండి బండేనా అక్కా?"

 వాడు కాసేపు స్టీరింగ్ ముందు కూర్చుని, దిగి వచ్చి హోటల్ పెట్టే ఆయనకు తాళాలు ఇచ్చేశాడు.

ఆ బస్సు బయలుదేరిన ప్రతిసారీ, క్షేమంగా చేర్చు తల్లీ అని దీపం ముందు కూర్చునేదాన్ని. ఈరోజూ కూర్చున్నాను. బస్సుకు ఇక దారీ లేదు, ఆపదా లేదు. తమ్ముడి పేరు చెప్పి మొక్కుకున్నాను. వాడు అన్నం తినకుండానే పడుకున్నాడు.