ఆపలేని కంప్యూటర్

తమ్ముడూ,

నువ్వు పోయి నేటికి ఏడాది. నువ్వు సగంలో వదిలేసిన పాత కంప్యూటర్ బోర్డును మొన్న నేనే పూర్తిచేశాను. బ్యాటరీ కారి పట్టిన చిలుమును నీలాగే వెనిగర్‌లో ముంచిన టూత్‌బ్రష్‌తో తోమాను. తెగినచోట సన్నటి తీగ అతికించాను. స్విచ్ వేయగానే తెర మీద నీ పేరు వచ్చింది.

"పాత బోర్డు వెలిగితే ఆపకక్కా, మళ్ళీ లేస్తుందో లేదో" అనేవాడివి.

"అలాంటప్పుడు బాగుచేయడం దేనికిరా?" అని కసిరేదాన్ని.

మూడు రోజులుగా అది వెలుగుతూనే ఉంది, నేను గుమ్మం దాటలేదు. పొద్దున విజయవాడ నుంచి నీ కూతురు ఫోన్ చేసింది.

"అత్తా, నాన్న సంవత్సరీకానికి నువ్వే లేకపోతే ఎలా? ఆ కంప్యూటర్‌ని ఆపేసి బస్సెక్కు."

స్విచ్ మీద వేలు పెట్టి తీసేశాను. చీర మార్చుకుని, సంచి సర్దుకుని, తెర ఎదుటే కూర్చున్నాను. మన తిరువూరు నుంచి విజయవాడకు ఇప్పటికి రెండు బస్సులు వెళ్ళిపోయాయి.

అక్క