ఎరిత్రోమైసిన్‌కి తాళం

మంగళవారం రాత్రి, పాండిచ్చేరి

ఫ్రెంచి డాక్టరు వెళ్ళాక ఆంధ్రా నుంచి వచ్చిన కొత్త ఆఫీసరుగారు మద్యనిషేధం మనిషి. రాగానే మా ల్యాబ్‌లో ఆల్కహాల్ సీసాని బీరువాలో పెట్టి తాళం వేశారు. దాంతో క్రిముల్ని చంపే ఎరిత్రోమైసిన్ మందు పొడిని నీళ్ళలో కలిపి పరీక్షిస్తే క్రిములు హాయిగా పెరుగుతున్నాయి. మందే పాడైందని తిప్పి పంపబోయారు.

నిన్న ఉండబట్టలేక అనేశాను. "సార్, ఇది నీళ్ళలో యాడ కరుగుతాది? ఆల్కహాలే కావాల."

గొణుగుతూనే తాళం తీశారు. ఇవాళ చూస్తే మందు చుట్టూ ఒక్క క్రిమి లేదు! ఆనందంలో తానే ఆ ఆల్కహాల్ సీసా ఎత్తబోయి చొక్కా మీద ఒలకబోసుకున్నారు.

"వాసనొస్తోందా? మా ఆవిడేమంటుందయ్యా!" అని సముద్రపు గాలికి నిలబడ్డారు. చొక్కా ఎప్పుడో ఆరిపోయింది, నేను చెప్పలేదు.

ఆ కంగారులో సీసాని మళ్ళీ బీరువాలో పెట్టమని నాకిచ్చిన తాళంచెవి మాత్రం నా జేబులోనే ఉండిపోయింది. రేపు అడుగుతారేమో...