మూసిన పిడికిలి

బెంగళూరు దండు,
1946

తమ్ముడు బైరప్పకు,

ఆనేకల్లులో నూలు దొరక్క నీ మగ్గం నిలిచిపోయిందనీ, చందా ఇయ్యలేవు గనక మన పాత సిపాయిల సంఘంలో నీ పేరు కొట్టేయమనీ రాసినావు. కొట్టేయను. లెక్కలు చూసేవాణ్ణి నేను, నువ్వు కాదు.

మొదటి యుద్ధం ముగిసి బస్రా నుంచి తిరిగొచ్చినాక మనం పెట్టుకున్న కట్టుబాటు మరిచినావా? గుడ్డ కప్పిన చందా బానలో అందరూ పిడికిలి మూసే పెట్టల్ల, మూసే తీయల్ల. ఎవరెంత వేసినారని అడిగేది లేదు. మొన్నటి యుద్ధంలో మనవాళ్లకు ఫ్యాక్టరీ పనులు దొరికి బాన నిండింది. ఇప్పుడు ఆ పనులు పోయి సగానికి దిగింది. పోయిన నెల అందరూ చేయి పెట్టి తీసినాక చూస్తే, ముందున్నదానికన్నా తక్కువుండాది. ఎవరో తీసుకున్నారు. నాకు నిమ్మళమాయె.

తీసేటప్పుడు కూడా పిడికిలి ఎందుకు మూయమన్నామో ఇన్నేండ్లూ నువ్వు ఆలోచించలేదప్పా. నీది వేసే చేయి గనక.

ఆదివారం రా. ఖాళీ చేయే పెట్టు. ఖాళీగా మాత్రం తీయొద్దు.

ఇట్లు,
బస్రాలో నీతో ఒకే డేరాలో పండుకున్న అన్న